మోకాలి దగ్గరి స్క్రూ

మా వదిన కవరు కుట్టడానికి వచ్చింది. ఈ సంగతి ముందే చెబుతున్నాను, గుర్తుపెట్టుకోండి. నేర్చుకోవడానికి వెళ్ళింది నేను.

పెడల్ స్టీల్ గిటార్ అంటే మెడలో వేసుకుని వాయించేది కాదు. నాలుగు కాళ్ళ మీద నిలబడే సన్నటి బల్ల అది. పైన పది తీగలు, కింద మూడు పెడళ్ళు, మోకాళ్ళకు అటూ ఇటూ తగిలేలా నాలుగు మీటలు. ఎడమచేత్తో స్టీలు కడ్డీని తీగల మీద జరుపుతుంటే, కాళ్ళూ మోకాళ్ళూ కింద నుంచి స్వరాన్ని పైకీ కిందికీ లాగుతుంటాయి. బాగా వాయిస్తే వినేవాళ్ళు మాటలు ఆపేస్తారు. నాలాగా వాయిస్తే కిటికీలు వేసుకుంటారు.

మా బ్యాండులో నలభై ఏళ్ళు దాన్ని వాయించిన మాస్టారికి మోకాళ్ళ ఆపరేషన్ అయింది. మీటలు తోయడం ఇక తన వల్ల కాదన్నారు.

"పది వారాలు నేర్పుతానమ్మా. ఒక్క పాట శుభ్రంగా వాయించు, మీ ఇంటికి పంపించేస్తా. నీ వల్ల కాకపోతే వాయించగలిగిన వాళ్ళకిస్తా. మూలన పడేసేవాళ్ళకి మాత్రం ఇవ్వను" అన్నారు.

పదహారేళ్ళుగా అదే బ్యాండులో మామూలు గిటార్ వాయిస్తూ దాని మీదే కళ్ళు పెట్టుకుని కూర్చున్నాను. నాది కాక ఇంకెవరిదవుతుంది అనుకున్నాను.

మొదటి రోజే తెలిసింది, గిటార్ వచ్చి ఉండటమే నాకు పెద్ద చిక్కని. కడ్డీని తీగలకు ఊరికే ఆనించాలి. నేను నొక్కాను. "నొక్కకమ్మా, మోపు" అన్నారు మాస్టారు. మళ్ళీ నొక్కాను. అది చాలదన్నట్టు, పాట మొదలవగానే నా ఎడమకాలు నన్నడక్కుండా తాళం వేయసాగింది. ఎన్నో ఏళ్ళ అలవాటు మరి. కానీ ఆ కాలు ఇప్పుడు నేల మీద లేదు, పెడల్ మీద ఉంది. తాళం పడినప్పుడల్లా స్వరం ఎగిరి కింద పడేది.

"పాటకి ఎక్కిళ్ళు పట్టుకున్నాయి" అన్నారు మాస్టారు, కళ్ళద్దాలు తుడుచుకుంటూ.

నాలుగో వారం వదిన వచ్చింది. మా అన్నయ్య భార్య. బట్టలు కుట్టే యూనిట్‌లో పన్నెండేళ్ళు పనిచేసి, ఇప్పుడు ఇంట్లోనే కుడుతోంది. మాస్టారి బల్ల మీది కవరు చిరిగిపోయిందని నేనే పిలిపించాను. నా చేతులారా నేనే! ఆవిడ టేపుతో కొలతలు తీసుకుంటూ కిందికి వంగి చూసింది.

"ఇదేంటి, మోకాలి మీటా? మా పెద్ద మిషన్లకీ ఉంటుంది. మోకాలితో తోస్తే సూది పక్కన గుడ్డని నొక్కిపట్టే పాదం లేస్తుంది."

"ఓసారి కూర్చుని చూడమ్మా" అన్నారు మాస్టారు.

కూర్చుంది. రెండు చేతులూ పైన, కాలు పెడల్ మీద, మోకాలు మీట మీద, కళ్ళు మాత్రం కదలకుండా ఒకేచోట. రోజుకు ఎనిమిది గంటల చొప్పున పన్నెండేళ్ళు చేసిన పని అది. గుడ్డ మీద చెయ్యి వేసినంత తేలిగ్గా కడ్డీని ఆనించింది. మాస్టారు చూపించిన రెండు తీగలు మీటి, మోకాలు పక్కకు తోసింది. స్వరం మెల్లగా జారి, ఆగాల్సిన చోట ఆగింది.

మాస్టారి మొహం నేను చూడలేదు. చూడదలుచుకోలేదు.

"ఏదో తగిలిందిలెండి" అంది వదిన సిగ్గుపడుతూ. ఆ సిగ్గు చూసి నాకు ఒళ్ళు మండింది.

ఆ తరువాత ప్రతి వారం వచ్చింది. మొదట కొలత తప్పిందన్న వంకతో, ఆపైన వంక కూడా లేకుండా. ఆవిడకు స్వరాల పేర్లు రావు. తీగలకు దారాల రంగులు పెట్టుకుని "పచ్చది మీటి ఎర్రదాన్ని లాగాలా మాస్టారూ?" అని అడిగేది. నేను స్వరాల పేర్లు తప్పు చెబితే చీవాట్లు పెట్టిన మనిషి, ఆవిడకు మాత్రం పచ్చ, ఎరుపు అనే జవాబు చెప్పేవారు! పైగా అన్నయ్య ఫోన్ చేసి, "మీ వదినలో ఇంత ఉందని నాకే తెలీదు" అని మురిసిపోవడం. "అవునన్నయ్యా" అని నవ్వాను. ఫోన్ పెట్టేశాక గిన్నెలన్నీ చప్పుడు చేస్తూ తోమాను.

పదో వారం ఇద్దరూ ఒకే పాట వాయించాలనీ, బాగా వాయించినవాళ్ళకే దాన్ని ఇస్తాననీ అన్నారు మాస్టారు. "నాకెందుకండీ" అంటుందేమోనని వదిన వైపు ఆశగా చూశాను. "సరేనండీ" అంది.

ఆ రోజు ముందు నేను వాయించాను. కాలు తాళం వేయలేదు. కడ్డీ నొక్కలేదు.

"తప్పుల్లేవు" అన్నారు మాస్టారు. అంతే అన్నారు. ఇంతలో బెల్లు మోగింది. వదిన వచ్చిందని తెలుసు. ఆయన కర్ర పట్టుకుని తలుపు వైపు నడిచారు.

నేను బల్ల కింద దూరాను. ఎడమ మోకాలి మీట దగ్గర చిన్న స్క్రూ ఉంటుంది. మీట ఎంత దూరం పోవాలో ఆపేది అదే. దాన్ని రెండు చుట్లు బిగించాను. ఇక మీట ముందే ఆగిపోతుంది, స్వరం చేరాల్సిన చోటికి చేరదు. ఆయన మోకాళ్ళ పుణ్యమా అని, లేచి చేతులు దులుపుకోవడానికి కూడా సమయం మిగిలింది.

వదిన కొత్త కవరు పక్కన పెట్టి కూర్చుంది. మొదటి స్వరం మీటి మోకాలు తోసింది. వెంటనే ఆపేసింది. మోకాలి వైపు చూసుకుంది. తరువాత మాస్టారిని కాదు, నన్ను చూసింది.

"ఒక్క నిమిషం మాస్టారూ, బట్ట ఇరుక్కుంది."

సంచిలోంచి కత్తెర తీసి కిందికి వంగింది. లేచి, మళ్ళీ మొదటినుంచి వాయించింది. ఆఖరి స్వరం దాకా ఎక్కడో ఒకచోట తప్పాలని కోరుకుంటూనే ఉన్నాను. తప్పలేదు.

"దీన్ని నీకే పంపిస్తానమ్మా" అన్నారు మాస్టారు ఆవిడతో.

ఇద్దరం కలిసే బయటికి వచ్చాం. వీధి మలుపు దాకా నడిచాం.

"రెండు చుట్లు కదూ?" అంది వదిన.

నా కాళ్ళు ఆగిపోయాయి.

"మా యూనిట్‌లో కొత్తగా ఒకమ్మాయి చేరింది. నాకంటే బాగా కుట్టేది. భోజనాల వేళ ఆ అమ్మాయి మిషన్‌కి దారం బిగించే స్క్రూ తిప్పేశాను. నేనూ రెండు చుట్లే. కాలరు కుట్టినప్పుడల్లా దారం తెగేది. ఎవరో తిప్పారని ఆ పిల్లకి తట్టనే లేదు. తనకే చేతకాదనుకుంది. మూడు రోజులకి పని మానేసింది."

"మాస్టారికి ఎందుకు చెప్పలేదు వదినా?"

"చెప్తే నువ్వు బ్యాండు మానేస్తావు. నా మూలంగా ఒకరు మానేసింది చాలు." ఆవిడ సంచి భుజం మార్చుకుంది. "అలాగని దాన్ని నీకిచ్చేస్తాననుకోకు. నాకు కావాలి."

నాకు కావాలి. పదహారేళ్ళలో ఆ మాట నేను మాస్టారితో ఒక్కసారి కూడా అనలేదు. ఆయనంతట ఆయనే ఇవ్వాలని ఎదురుచూస్తూ కూర్చున్నాను.

"ఆదివారం రా. స్వరాల పేర్లు నేర్పు. కొత్త పాటలకి తాళం కూడా నాకు నిలవట్లేదు" అంది వదిన.

వెళ్ళాను. కడుపుమంట తగ్గాక కాదు, దాన్ని వెంటబెట్టుకునే వెళ్ళాను. వదిన వాయిస్తుంటే పక్కన కుర్చీలో కూర్చున్నాను. నా ఎడమకాలు నన్నడక్కుండా నేల మీద తాళం వేయసాగింది. వదిన ఆ కాలి వైపు చూస్తూ వాయించింది.