ఫిల్ముల డాక్టరు గొంతు

ఆసుపత్రిలో అందరూ ఆమెను తాళాలక్క అంటారు. ఆమె దగ్గర ఒక్క తాళంచెవి కూడా ఉండదు. ఇంటి నుంచి పనిచేసే డాక్టర్లు ఆసుపత్రి కంప్యూటర్లలోకి రావాలంటే పాస్‌వర్డ్ కొట్టాలి. ఆపైన, అగ్గిపెట్టెలో సగం ఉండే టోకెన్ అనే చిన్న యంత్రం మీద నిమిషానికోసారి మారే ఆరంకెలు కొట్టాలి. టోకెన్ పాడైతే ఆమెకు ఫోన్ చేయాలి. అవతలున్నది అసలు మనిషేనని నమ్మకం కుదిరితేనే ఆమె దారి తెరుస్తుంది.

సోమవారం పొద్దున ఒకావిడ ఫోన్ చేసింది. ఎక్స్‌రేలూ స్కాన్లూ చూసి రిపోర్టులు రాసే ఫిల్ముల డాక్టరు భార్యనంది.

"ఆయన టోకెన్ మీద అంకెలు రావడం లేదమ్మా. ఈ పూటకి ఏదో ఒక నంబరిచ్చి లోపలికి పంపించు."

"ఒక్కసారి డాక్టరుగారికి ఫోనివ్వండమ్మా."



"ఆయన మాట్లాడలేరు. గొంతు ఆపరేషనై రెండు నెలలైంది. ఇక మాట రాదన్నారు."

తాళాలక్క చెయ్యి కీబోర్డు మీదే ఆగిపోయింది. ఆమె ఆయన్ని ఎన్నడూ చూడలేదు. ఆ గొంతు మాత్రం తెలుసు. ఫోన్ చెవికి జానెడు దూరంలో పెట్టుకున్నా గణగణలాడే గొంతు.

కానీ నిరుడు ఇలాగే ఒకావిడ ఏడుస్తూ ఫోన్ చేసింది. పక్క సీటు పెద్దాయన జాలిపడి నంబరిచ్చాడు. సాయంత్రానికల్లా వేలమంది రోగుల వివరాలు దొంగల పాలయ్యాయి. రిటైర్మెంటు ఏడాదిలో ఉందనగా ఆయన ఉద్యోగం ఊడింది.

"ఏమీ అనుకోకండమ్మా. ఆయనే మాట్లాడాలి, లేదంటే ఆయనే రావాలి."

"మంచం దిగి కుర్చీ దాకా రావడానికే ఆయాసపడుతున్న మనిషి! నీకు మనసెలా ఒప్పుతోందమ్మాయ్?" ఫోన్ పెట్టేసింది.

తానే ఆయన ఇంటికి వెళ్తానని తాళాలక్క తన పై అధికారి పెద్దసారుని అడిగింది. "ఇంటింటికీ తిరగడానికి మనదేమన్నా పోస్టాఫీసా?" అన్నాడాయన. ఆ వారం రెండో ఫిల్ముల డాక్టరు సెలవులో ఉన్నాడని, రిపోర్టులు పేరుకుపోతున్నాయని ఆమె రెండు రోజులు వెంటపడితే మంగళవారం సాయంత్రానికి ఊఁ అన్నాడు.

బుధవారం కొత్త టోకెన్ తీసుకుని బస్సెక్కింది. రెండో అంతస్తులో తలుపు తీసినావిడ రమ్మని అనలేదు, వద్దనీ అనలేదు. పక్కకు తప్పుకుంది.

కిటికీ పక్క కుర్చీలో ఒకాయన కూర్చుని ఉన్నాడు. మెడకు తెల్లటి గుడ్డ. గుర్తింపు కార్డు ఫొటోలో బూరెబుగ్గలు, గుబురు మీసం. ఎదురుగా ఉన్న మనిషికి ఆ రెండూ లేవు. సంతకం పెట్టమంటే చెయ్యి వణికి అదీ కలవలేదు. ఒక మనిషిని, ఆయన ఇంట్లోనే నిలబడి, నువ్వెవరని అడుగుతున్నందుకు ఆమెకు తల కొట్టేసినట్టయింది. అయినా అడిగింది.

"డాక్టరుగారూ, మూడేళ్ల కిందట ఫోన్‌లో మీకిదంతా మొదటిసారి నేర్పింది నేనే. ఆరోజు నన్ను కేకలేశారు. ఏమన్నారో గుర్తుందా?"

ఆయన ఒళ్లో పుస్తకం తెరిచి మెల్లగా రాశాడు. 'నా ఆసుపత్రిలోకి నేను రావడానికి నీ పర్మిషన్ కావాలా తల్లీ? నేను అక్కడ చేరేనాటికి నువ్వు బళ్లో కూడా చేరలేదు.'

చదువుతుంటే ఆమెకు అది ఆ పాత గొంతులోనే వినిపించింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"మీరేనండీ," అంది.

కొత్త టోకెన్‌తో ఆయన లోపలికి వెళ్లాడు. ముందుగా, సోమవారం తీసిన ఒక ముసలామె తల స్కాన్ తెరిచాడు. దానికోసం నిన్న వార్డు నుంచి మూడుసార్లు ఫోన్ చేశారంది భార్య. తెర మీద ఉన్నదాని ప్రకారం, బయటి డాక్టరెవరో నిన్న రాత్రి చూసి రిపోర్టు రాశాడు. తెల్లవారుజామున ఆపరేషన్ చేశారు. ప్రాణం దక్కింది, కుడి చెయ్యి పడిపోయింది.

"మొన్ననే చూసుంటే చెయ్యి దక్కేదా అండీ?" అంది తాళాలక్క.

ఆయన పుస్తకంలో 'చెప్పలేను' అని రాశాడు.

వెళ్లేటప్పుడు భార్య మెట్ల దాకా వచ్చింది. "రెండు రోజులు నీ మీద కారాలు మిరియాలు నూరారమ్మాయ్. నిన్న రాత్రేమో, అడగ్గానే నంబరిచ్చి ఉంటే నీ మీద కంప్లయింటు పెట్టేవాణ్ణని రాశారు. రాసి, చించేశారు. ఆయనకే తెలీదు ఏమనాలో."

మాట రానివాళ్లను వీడియోలో చూసి, వాళ్లు ముందే రాసిచ్చిన జవాబుతో సరిపోల్చి గుర్తుపట్టవచ్చని తాళాలక్క ఒక నిబంధన రాసింది. పెద్దసారు రెండుసార్లు తిప్పి పంపాడు. మూడోసారి సంతకం పెట్టాడు.

సంతకం పడిన రోజు సాయంత్రం ఆమె వార్డుకు వెళ్లింది. ఆ స్కాన్ ముసలామె ఎడమ చేత్తో గ్లాసు పట్టుకుని నీళ్లు తాగుతోంది. సగం మెడ మీద ఒలికిపోతున్నాయి.

"ఎవరి కోసమమ్మా?" అంది తలెత్తి.

"మీ కోసమే. ఊరికే చూసిపోదామని."

ఎవరు, ఏమిటని ముసలామె అడగలేదు. కాళ్లు కాస్త ముడుచుకుని మంచం మీద చోటిచ్చింది. తాళాలక్క కూర్చుని గ్లాసుకు తన చెయ్యి ఆనించింది.