నలభై ఏడో సీసా

క్షయ రాకుండా వేసే కొత్త సూది వేయించుకున్న మూడో నాటికే నారయ్య చనిపోయాడు. ఇబ్రహీంపట్నంలో ఈ మాట నమ్మనివారు లేరు. సైదులు హోటల్లో చాయ్ తాగేవారు నమ్మారు, హయత్‌నగర్ బస్సెక్కేవారు నమ్మారు, చివరికి నారయ్య భార్య యశోదమ్మ కూడా నమ్మింది. సాక్ష్యం బలంగానే ఉంది మరి. ఆ సూదిని పరీక్షించి చూస్తున్న పరిశోధన శిబిరం నుంచి తిరిగొచ్చిన నారయ్య చేతికి దూది, దాని మీద పట్టీ అందరూ కళ్లారా చూశారు.

నమ్మనిది నర్సు భాగ్య ఒక్కతే. శిబిరంలో సూదులు వేసింది ఆమే. పది రోజులుగా ఆమెను చూడగానే వీధిలో తలుపులు మూసుకుంటున్నాయి.

"సార్, గాయనకు నేను సూదే ఎయ్యలే," అంది పరిశోధన బాధ్యుడైన డాక్టర్ ఇంద్రసేనతో. "గా ముచ్చట చెప్పనియ్యుండ్రి."

"శిబిరానికి వచ్చినవాళ్ల వివరాలు బయటపెట్టకూడదు భాగ్యా. ఎన్నికలయ్యేదాకా నోరు మెదపొద్దని పైనుంచి కూడా చెప్పారు. శిబిరాన్ని తుక్కుగూడ వైపు మార్చేద్దాం."

"మార్చుండ్రి. అబద్ధం మాత్రం గీడనే ఉంటది. రేపు పోలియో చుక్కలు పట్టుకపోయినా నా మొగం మీదనే తలుపేస్తరు. ఇంటోళ్లు ఒప్పుకుంటే చెప్పొచ్చు గద?"

డాక్టర్ తల వంచుకుని కాగితాలు సర్దుకోసాగాడు. వద్దనలేదు గనక భాగ్య దాన్నే అనుమతిగా తీసుకుంది.

తన ఇంటికి వచ్చిన భాగ్యను యశోదమ్మ గడపలోనే నిలదీసింది. "ఏం మొగం పెట్టుకొని వచ్చినవ్?"

"అడగనీకి వచ్చిన అక్కా. అన్న సంగతి పదిమందిల చెప్తా. నువ్వు వద్దంటే నోరిప్ప."

యశోదమ్మ గడప దిగి ఆమె ఎదుట నిలబడింది. "నిజమే చెప్తవా?"

"నీ ముంగటనే చెప్త."

"అయితే నేను గూడ వస్త."

ఆదివారం వార్డు సమావేశం. శిబిరాన్ని ఊళ్లో అడుగు పెట్టనివ్వరాదన్న తీర్మానం అప్పటికే కాగితం మీద సిద్ధంగా ఉంది. దాన్ని రాయించిన పరశురాం ఈసారి కౌన్సిలర్‌గా నిలబడదలిచినవాడు. డాక్టర్ టీకాల డబ్బా ఒళ్లో పెట్టుకుని ఓ మూల కూర్చున్నాడు. తెమ్మని పట్టుబట్టింది భాగ్యే.

"మనం గాళ్ల కంటికి ఎలుకలమా?" అన్నాడు పరశురాం. "సూదికి ఒప్పుకుంటున్నమని రాయించుకున్న గా పదకొండు పేజీల కాయిదంల ఏమున్నదో దస్కతు పెట్టినోళ్లల ఒక్కనికన్న ఎరుకేనా?"

ఆ ప్రశ్న సబబైనదే. ఎవరికీ తెలియదు. భాగ్య లేచి నిలబడింది.

"అవ్ అన్నా, చదివి వినిపియ్యకపోవుడు మా తప్పు. ఒప్పుకుంట. అందరికీ అర్థమయ్యేదాకా సూది పట్ట. నారయ్యన్నను సంపిన్నంటే మాత్రం సచ్చినా ఒప్పుకోను."

"దూది చూసినం గదమ్మా!" అన్నాడు సైదులు.

"యాడ చూసినవ్? నీ చెయ్యి మీద చూపియ్యి."

సైదులు మోచేతి మడత చూపించాడు. "గీడ." చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారు.

"కరోనా సూది మీకు యాడేసిన్రు?"

అందరి చేతులూ వాటంతటవే భుజాల మీదికి పోయాయి.

"గిది గూడ గాన్నే ఏస్తరు. మోచేతి కాడ తీసేది పరీక్ష కోసం రక్తం. అన్న బీపీ నూట తొంభై దాటింది. సూది వద్దు, దవాఖానకు పొమ్మని చీటీ రాసిచ్చిన. పోలేదు." ఆమె గొంతు కాస్త తగ్గింది. "పోయినవా అని నేను మళ్ల అడగలే. గా బాధ నాకున్నది."

"మరి ఏయించుకున్న అన్నడు గద! నీలెక్క పిరికోన్ని గాదు సైదులూ అని నన్నే ఎక్కిరిచ్చిండు," అన్నాడు సైదులు.

ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. యశోదమ్మ మాత్రం నవ్వలేదు. "ఎనుకకు పంపిన్రని చెప్పనీకి సిగ్గైంటది," అంది మెల్లగా. "గాయన గంతే."

"మాటలు ఎవలైనా చెప్తరు," అన్నాడు పరశురాం. "రుజువేది?"

భాగ్య డాక్టర్ వైపు తిరిగింది. "పేరు రాసుకున్ననాడే ఒక్కొక్కలికి ఒక్కో నంబరు సీసా పక్కకు పెడ్తం. ఒకలిది ఇంకొకలకు ఎయ్యం. సార్, డబ్బా తెరువుండ్రి."

"నిబంధనల ప్రకారం..." అని మొదలుపెట్టాడు ఇంద్రసేన.

"సచ్చినోడు నా పెనిమిటి," అంది యశోదమ్మ. "నేను చెప్తున్న. తెరువు."

డాక్టర్ డబ్బా తెరిచాడు. పరశురాం స్వయంగా వంగి, సీసా మీది చీటీలో నారయ్య పేరు, నలభై ఏడో నంబరు చదివాడు. మూత మీద సీలు వేసింది వేసినట్టే ఉంది. లోపల మందు ఒక్క చుక్క కూడా తగ్గలేదు.