తవుడుకు కొన్న పిల్లవాడు

నిజాంసాగర్ కాలువ నీళ్ళు బాన్సువాడ పొలాలకు పారిన కొన్నేళ్ళకు, పట్నం నుంచి ఒక డాక్టరు మోటారులో దిగాడు. మద్రాసులో పుట్టి, ఇంగ్లీషు సీమలో చదివి, పసిపిల్లలు ఎట్లా పెరుగుతారో కనిపెట్టడానికి వచ్చాడట. ముసలమ్మలందరికీ తెలిసిందే ఈయన కొత్తగా కనిపెట్టాలి! ఆ ఏడు పుట్టిన పిల్లలను చావడికి తీసుకురమ్మని ఊళ్ళో డప్పు వేయించారు.

మా తమ్ముడు ముత్తెన్న భార్య లక్ష్మవ్వ అందరికంటే ముందు పోయి కూర్చుంది. తోడు నేను. కాలువతో పాటు వచ్చిన చలిజ్వరాలకు ఆమె పిల్లలు ముగ్గురూ పోయారు. అందుకే నాలుగోవాడు పుట్టగానే పెంటకుప్ప మీద పడుకోబెట్టాం. నేను చేటెడు తవుడిచ్చి కొన్నాను. పెంటయ్య అని పేరు పెట్టాం. ఎందుకూ పనికిరాడనుకుంటే చావు వాడి జోలికి రాదని మా నమ్మకం. వాణ్ణి ముద్దు చేయకూడదు, మెచ్చుకోకూడదు. పైకి అట్లా అంటున్నామని ఎవరికైనా చెప్పామా, చేసిందంతా బూడిదలో పోసినట్టే.

డాక్టరు కుర్చీలో కాళ్ళు చాపుకుని మొదలుపెట్టాడు. "ఈ పిల్లలను పన్నెండేళ్ళ దాకా చూస్తాను. ఏటా వచ్చి బరువు తూస్తాను, ఎత్తు కొలుస్తాను. జ్వరమొస్తే మందు ఊరికే ఇస్తాను. ఇష్టమున్న తల్లిదండ్రులు తమ పిల్లలను చేర్చవచ్చు."

పక్కన పండరి పటేలు ఒకటే తల ఊపడం. ఆయనకు మోటారున్నవాడు ఏం చెప్పినా వేదమే.

లక్ష్మవ్వ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "పన్నెండేండ్లంట వదినె!" అంది. మందు సంగతి ఆమె చెవికెక్కనే లేదు. తన కొడుకు పన్నెండేళ్ళు బతుకుతాడని అంత పెద్దమనిషి నోట విన్నది, అంతే.

డాక్టరు పెంటయ్యను చూసి, "భలే ఉన్నాడే! మంచి బొద్దుగా ఉన్నాడు," అన్నాడు.

లక్ష్మవ్వ ఉలిక్కిపడింది. "ఏం బాగ సారు! గీడెందుకు పనికొస్తడు? పెంట మీద దొరికిండు."

"నీ కొడుకు కాదా?"

"కాదు సారు. మా వదినె తవుడుకు కొన్నది."

"పిల్లవాణ్ణి కొన్నదా?" డాక్టరు నన్ను దొంగను చూసినట్టు చూశాడు. "నిజమేనా?"

"నిజమే," అన్నాను. ఇంకేం చెప్పను?

ఆయన మళ్ళీ లక్ష్మవ్వ వైపు తిరిగాడు. "వీడంటే నీకు ప్రేమ లేదా?"

"లేదు సారు." వాణ్ణి ఎంత గట్టిగా అదుముకుందంటే వాడు ఊపిరాడక కెవ్వుమన్నాడు. కళ్ళున్నవాడెవడైనా ఆ చేతులు చూస్తాడు. ఈయన మాట మాత్రమే విన్నాడు. చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అనలేదు.

"ప్రేమ లేని ఇంట్లో ఇన్నేళ్ళ పరిశీలన సాగదు. ఈ బిడ్డ నాకు వద్దు. తీసుకుపో," అని చెయ్యి విదిలించాడు. ఆ వెంటనే వెండి మొలతాడు కట్టిన పటేలు మనవణ్ణి ఒళ్ళోకి తీసుకుని తెగ మురిసిపోయాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. దారి పొడుగునా తిట్టాను. "కండ్ల ముందర ఉన్నది కానరానోడు పన్నెండేండ్లు ఏం జూస్తడే? వాని మోటారు కాలువల పడ! పిలగానికి పానం మీదికొస్తే ఇగ మందెవడిస్తడు?"

లక్ష్మవ్వ ఏడుస్తోందేమోనని తిరిగి చూశాను. కన్నీళ్ళు కారుతూనే ఉన్నాయి, కానీ నవ్వుతోంది.

"ఎందుకు తిడతవు వదినె?" అంది. "గంత సదువుకున్న సారే ఒద్దన్నడు. ఇగ వీణ్ణి యముడు మాత్రం ఏం జేసుకుంటడు?"