పట్టుకున్న చెయ్యి

"బన్నులకి వెన్న పల్చగా రాయి మార్లిస్, జనం బాగా వచ్చారు" అంటూ ఆమె భర్త వెండెల్ టై సర్దుకుని మెట్లెక్కి వెళ్లిపోయాడు. పైన చర్చి హాల్లో వాదం. దేవుడున్నాడని తర్కంతో నిరూపిస్తానన్న వెండెల్ ఒకవైపు, యూనివర్సిటీ నుంచి వచ్చిన నాస్తికుడు మరోవైపు. కింద బేస్‌మెంట్ వంటగదిలో హామ్ బన్నులు, కాఫీ, ఆడవాళ్లు. పైన మాట్లాడేది వాళ్లకీ వినపడాలని గోడకి స్పీకరొకటి తగిలించారు. వినడానికి అభ్యంతరం లేదు. ముందుకెళ్లి మాట్లాడటమే ఆ చర్చిలో ఆడవాళ్లకి లేదు.

"తాత పోయినా మనవడు బతుకుతాడు" అంది స్పీకర్లోంచి వెండెల్ గొంతు. "ఆ వరస ఎంత వెనక్కైనా పోవచ్చు. కానీ పళ్లెం పడకుండా నిలవాలంటే దాని కింద చెయ్యి, చేతికి ఆసరాగా భుజం, ఇవి ఇప్పుడు, ఈ క్షణాన ఉండాలి. మొదటి కారణమంటే ఎప్పుడో మొదలెట్టి వెళ్లిపోయినవాడు కాదు. ఇప్పుడు పట్టుకుని ఉన్నవాడు!"

చప్పట్లు. మార్లిస్ చేతిలో కత్తి ఆగిపోయింది. అవి ఆమె మాటలు. పోయిన నెల గిన్నెలు తుడుస్తూ, చేతిలో పళ్లెం ఎత్తి చూపించి మరీ చెప్పింది. అతను పేపర్లోంచి తలెత్తకుండా "సూప్‌లో ఉప్పు తగ్గింది" అన్నాడు. ఇరవై ఏళ్లుగా ఇంతే. ఆమె వండింది అతను తింటాడు, ఆమె ఆలోచించింది అతను మాట్లాడతాడు. "దేవుడు మగాళ్లకి బుర్రిచ్చాడు, మనకి చేతులిచ్చాడమ్మా" అనేది అత్తగారు. ఒళ్లు మండిపోయింది మార్లిస్‌కి. 'ఇది నా భార్య అన్న మాట' అని ఒక్క ముక్క అంటే ఏం పోయేది ఇతనికి?

"మా అన్నయ్య ఎంత బాగా చెప్పాడు వదినా!" అంది ఆడపడుచు జెనీవా కళ్లు తుడుచుకుంటూ.

"సరే, పట్టుకున్నది ఉత్త పదార్థమే ఎందుకు కాకూడదు? దేవుడే ఎందుకవ్వాలి?" అన్నాడు పైన నాస్తికుడు. స్పీకర్లో వెండెల్ దగ్గు వినిపించింది. కాసేపు విరామం అన్నారు.

వెండెల్ పరుగున దిగి వచ్చాడు. "ఆ రోజు పదార్థం గురించి ఇంకేదో అన్నావు కదా. నేను రేడియో పెట్టేశాను. ఏంటది? తొందరగా చెప్పు."

"చెప్తాను. పైకొచ్చి చెప్తాను."

"పిచ్చా నీకు? అందరూ ఏమనుకుంటారు?"

"ఏమైనా అనుకోనీ. కాఫీ పొంగుతోంది, చూసుకో."

ఏప్రన్ విప్పి అతని చేతిలో పెట్టి మెట్లెక్కింది. హాలంతా తలలు తిప్పి చూసింది. మైకు దగ్గర సంఘపెద్ద అడ్డం వచ్చాడు.

"ప్రశ్నలు చివర్లో అమ్మా."

"నాది ప్రశ్న కాదు" అంది మార్లిస్, మైకు తనవైపు తిప్పుకుంటూ. "ఇందాకటి మాట నాది. మిగతాదీ నేనే చెప్తాను."