ఏరు లోతు చెప్పే గొంతు

రండి, పొయ్యి దగ్గరికి జరగండి. యోర్దాన్, తడిసిన చేతి తొడుగులు పొయ్యి మీద పెట్టకు, నిరుడు కాల్చుకున్నవి చాలు. ఇందాక గోడ మీది డబ్బాలోంచి ఏటి బోర్డు మాట్లాడుతుంటే మీలో ఎవరో ఆ బొంగురు గొంతును వెక్కిరించారు. ఎవరని అడగను. కూర్చోండి, ఆ గొంతు సంగతి చెబుతాను.

మీరు పుట్టకముందు మాట. చలికాలం పొలం పనులుండవు కదా, అందరూ పఠనమందిరంలో చేరేవాళ్లు. ఆడవాళ్లు మేజోళ్లు అల్లుకుంటే, మగవాళ్లు రేగుపళ్ల సారా తాగి తగువులు పెట్టుకునేవాళ్లు. ఒక ఏడు మన ఇస్క్రెన్ ప్లొవ్‌దివ్ పట్నం నుంచి అట్టపెట్టెల్లో కిట్లు తెప్పించాడు. ఒక్కో పెట్టెలో అరచేయంత పచ్చ బోర్డు, పొట్లాలు కట్టిన చిన్న చిన్న భాగాలు, ఒక ఏంటెనా. తీగ లేకుండా కబురు పంపే బోర్డులు. భాగాలు గుచ్చి, టంకం వేసి, ఎవరిది వాళ్లే తయారు చేసుకోవాలి.

బోర్డు ఎవరు టంకం వేస్తే వాళ్ల గొంతుతోనే మాట్లాడుతుంది కదా. నింకో తన తేనెపెట్టెల దగ్గర పెట్టిన బోర్డుకు టంకం సరిగా అంటక, అది నత్తినత్తిగా చలి ఎంతుందో చెప్పేది. గంటస్తంభం మీద మన ఫాదర్ పెట్టింది, గాలి ఎటు వీస్తోందో రాగం తీసి మరీ చెప్పేది.

రంగేల్ భార్య వెలిక మాత్రం ఏటికోసం బోర్డు చేసింది. కొండ మీద మంచు కరిగినప్పుడు మన ఏరు ఎంత తొందరగా లేస్తుందో మీకు తెలుసు. ఆవిడ బోర్డుకు ఒక బెండు కట్టి, పైన లోయలో రాతికి బిగించింది. నీళ్లు పెరిగితే బెండు లేస్తుంది. అప్పుడు ఊళ్లో ప్రతి ఇంటి డబ్బాలోనూ వెలిక గొంతు పలికేది. "చీలమండ దాకా" అంటే భయం లేదు. "మోకాలి దాకా" అంటే గొర్రెల్ని పైకి తోలుకోవాలి. "నడుము దాకా" అంటే మనుషులూ కదలాలి. పిల్లల్ని కసిరే గొంతు ఆవిడది, వినకుండా ఉండలేరు.

ఇస్క్రెన్ అందరికీ చెప్పిన మొదటి పాఠం ఒకటుంది. ఏంటెనా లేకుండా బోర్డుకు కరెంటు ఇవ్వకూడదు. అది పంపే బలానికి బయటికి దారి లేకపోతే, వెనక్కి తిరిగొచ్చి పంపినదాన్నే కాలుస్తుంది. ఎవరూ విప్పకుండా వెలిక తన ఏంటెనా మొదట్లో ఎర్రటి గోళ్లరంగు చుక్క పెట్టింది.

ఆ తర్వాతి శరదృతువులో వెలిక జబ్బుచేసి పోయింది. నలభయ్యో రోజు గోధుమ ప్రసాదం పంచి, గేటుకు ఆవిడ బొమ్మున్న చావుకబురు కాగితం అంటించి, అందరూ వెళ్లిపోయాక రంగేల్ ఇంట్లో ఒక్కడే మిగిలాడు. అతనికి ఊరంతటిలోకీ వాగుడుకాయ అని పేరు. ఎదురు మాట్లాడే మనిషి లేకపోతే ఎంత వాగినా ఏం లాభం? ఏరు గడ్డకట్టి ఉంది, లోయలో బోర్డు మూగగా ఉంది. మంచు కరిగేలోపు మళ్లీ పెట్టేద్దామనుకుని, పోయి దాన్ని విప్పి తెచ్చుకున్నాడు.

వంటింట్లో రేగుపళ్ల పీపా పెట్టి, అందులోకి బెండు వదిలి నీళ్లు పోశాడు.

"చీలమండ దాకా" అంది వెలిక.

కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కూర్చున్నాక గుర్తొచ్చింది, తను పీపా నింపినకొద్దీ ప్రతి ఇంట్లోనూ ఆ మాట వినబడుతుంది, చలిలో ఊరు ఊరంతా గుట్టెక్కుతుంది. అందుకని గోళ్లరంగు గీకి ఏంటెనా విప్పేశాడు. ఏంటెనా లేకపోయినా, బోర్డు పక్కన కూర్చున్నవాడికి గొంతు వినబడుతూనే ఉంటుంది. పాఠం అతనికీ తెలుసు. నాలుగు మాటలకే కాలిపోతుందా అనుకున్నాడు.

ఇక రోజూ అదే పని. నీళ్లు పోసేవాడు, తోడేవాడు. ఆవిడ దగ్గర ఉన్నవే మూడు మాటలు. అతను ఆ మూడింటికీ జవాబులు చెప్పేవాడు, ఆవిడ తోడికోడలి మీద చాడీలు, మేక ఈనిన సంగతి, పులుసులో ఉప్పెక్కువైన సంగతి. కొన్నాళ్లకు ఆవిడ గొంతు బొంగురుపోయింది. తర్వాత గుసగుసైంది. అతను కుర్చీ ఇంకా దగ్గరికి జరుపుకున్నాడు.

మార్చి వచ్చింది. ఏటి మీద గడ్డ పగలడం మొదలైంది. ఏటి అవతలి ఒడ్డున ఉండే త్సోంకా, వెలికకు స్నేహితురాలు, గేటు దగ్గర రంగేల్‌ని ఆపింది.

"ఏమయ్యా రంగేల్, ఏరు కదిలింది. మీ ఆవిడ ఇంకా నోరు విప్పదేం?"

"బతికున్నన్నాళ్లూ వాగింది చాలదా వదినా? పడుకోనీ."

త్సోంకా నవ్వలేదు. ఒకసారి లోయలోకి పోయి చూసి రమ్మంది. రేపు పోతానన్నాడు. రేపటి మాట రేపటికే పోయింది.

తోదోర్ పండుగ వచ్చింది. గుర్రప్పందేలకు ఊరంతా త్సోంకా ఇంటి పక్క, అవతలి ఒడ్డు పల్లపు పచ్చికలో చేరింది. తోకలకు పూసలు అల్లిన గుర్రాలు, జున్ను పెట్టి కాల్చిన బనిత్స రొట్టెలు, డోళ్లు. పందేలు చెప్పడానికి ఇస్క్రెన్ స్తంభానికి పెద్ద గొట్టం కట్టి, ఏటి బోర్డు మాటలూ అందులోంచే వచ్చేలా పెట్టాడు. భార్య పోయి ఏడాది తిరగలేదు గనక రంగేల్ పండుగకు పోలేదు. పీపా దగ్గర కూర్చున్నాడు. పీపాలో అడుగున కాసిని నీళ్లున్నాయి.

"నడుము దాకా" అంది వెలిక.

రంగేల్ పీపాలోకి తొంగిచూశాడు. బెండు కదల్లేదు.

"గుండెల దాకా" అంది.

ఆ మాట ఆవిడ అంతకుముందు ఎన్నడూ అనలేదు. అప్పుడర్థమైంది అతనికి, ఆవిడ పీపా సంగతి చెప్పడం లేదు. ఏంటెనా గూట్లోంచి తీశాడు. చేతిలో పట్టుకుని ఆగాడు. మిగిలినదల్లా ఒకటి రెండు మాటల ఊపిరి. అది ఊరికిచ్చేస్తే తనకేమీ మిగలదు.

"ఏమే," అన్నాడు, "ఇంకొక్కసారి నాకు చెప్పు."

ఆవిడ చెప్పింది. అప్పుడు బిగించాడు.

పచ్చిక మీద గొట్టంలోంచి గరగరమని ఒక చప్పుడొచ్చింది. "గుండెల దాకా." జనం ఒకరి మొహాలొకరు చూసుకున్నారు, ఇదెవరి గొంతని. గుర్తుపట్టింది త్సోంకా ఒక్కతే. చలికాలమంతా పక్కన కూర్చుని టంకం వేసిన మనిషి కదా.

"అది మన వెలిక. వంతెన దాటండి, గుట్ట పైకి పోండి."

గుర్రాలు దాటాయి, పిల్లలు దాటారు, డోళ్లవాళ్లు డోళ్లు వదిలేసి దాటారు. మోకాళ్ల నొప్పుల మనిషి, త్సోంకా అందరికన్నా వెనక పడింది. వంతెన మధ్యకొచ్చింది. ఇంకాస్త వ్యవధి ఉంటే, ఒక మాట విన్నంత సేపుంటే, ఒడ్డెక్కేది. పైనుంచి మంచుగడ్డలతో కలిసి వచ్చిన నీళ్లు వంతెననూ ఆవిడనూ తీసుకుపోయాయి.

ఇస్క్రెన్ ఆ బోర్డును బల్ల మీద పెట్టి చూశాడు. ఏంటెనా మొదలు చుట్టూ మాడి నల్లబడి ఉంది.

"మామా, ఏంటెనా లేకుండా ఎన్నాళ్లు నడిపావు?"

రంగేల్ చెప్పనక్కర లేకుండానే ఊరికి తెలిసిపోయింది. ఎవరూ తిట్టలేదు. త్సోంకా చెల్లెలు మాత్రం కొత్త కిట్టు పెట్టె తెచ్చి అతని ముందు పెట్టింది. "మా అక్క దాటే దారి. ఇక ఏటి లోతు నువ్వు చెప్పు" అంది, అంతే.

అతను వేళ్లు కాల్చుకుంటూ, ఆ తర్వాతి చలికాలమంతా కూర్చుని టంకం వేశాడు. మీరు వెక్కిరించిన గొంతు అతనిదే. వీధిలో చూస్తుంటారుగా, గోధుమరంగు టోపీ ముసలాయన, పలకరిస్తే తల పంకించి పోతాడు. అతని ఇంట్లో గోడకు డబ్బా లేదు. తన గొంతు వినడం ఇష్టం లేక తీసేశాడు. గమనించారో లేదో, ఆ బోర్డు ప్రతి మాట తర్వాత కాసేపు ఆగుతుంది, ఎవరో బదులిస్తారన్నట్టు. ఎవరూ ఇవ్వరు.

అదిగో, విన్నారా? చీలమండ దాకానే. కొత్త వంతెన మీదనుంచే పోవచ్చు. యోర్దాన్, నీ తొడుగులు తీసుకో. చీకటి పడకముందే పోండి, మీ అమ్మలు చిక్కుడుగింజల పులుసు పొయ్యి మీద పెట్టి ఉంటారు. వేడిగా తినండి.