చేపలకు పోసే నీళ్లు

నాచారం పారిశ్రామికవాడలో ఆ రంగుల కంపెనీ గేటు దాటగానే ఒక బుల్లి కొలను కనబడుతుంది. అందులో ఎర్ర చేపలు, పక్కన పచ్చ బోర్డు: ‘మేము శుద్ధి చేసిన నీటిలో జీవం’. ఆ ముక్క రాసింది అక్కడ పనిచేసే ఉపేందరే. రాసి ఊరుకున్నాడా! ఏటా తను తయారుచేసే పర్యావరణ నివేదిక అట్ట మీద కూడా ఆ చేపలనే వేయించాడు. దానికి అవార్డొచ్చింది. అవార్డులకేం, అవి వస్తూనే ఉంటాయి.

శుద్ధి చేసిన నీళ్లు పోసిన మొదటిరోజే చేపలన్నీ వెల్లకిలా తేలాయని కంపెనీలో పనివాళ్లందరికీ తెలుసు. అప్పటినుంచి తోటపని చూసే కొమురెల్లి కొలనులో తాగేనీళ్ల క్యాన్లు తెచ్చి పోస్తున్నాడు. అసలు నీళ్లు వెనకగోడ కిందినుంచి నాలాలోకి పోతాయి. పైన పటారం, లోన లొటారం. ఉపేందర్ మాత్రం దాన్ని అబద్ధం అనుకోలేదు, ఉద్యోగం అనుకున్నాడు.

చిక్కల్లా, ఆ నాలా అతని గల్లీ పక్కనుంచే ఉప్పల్ వైపు పోతుంది. గల్లీలో బోరు నీళ్లు పచ్చబడ్డాయి. అతని చిన్నబిడ్డ చేతుల నిండా దద్దులు లేచాయి. రామంతాపూర్ డాక్టరు ఎన్ని మందులు రాసినా తగ్గలేదు. చూసి చూసి అతని భార్య దీప గల్లీ ఆడవాళ్లను కూడగట్టి ఫిర్యాదు పెట్టింది.

“మీ పక్క కంపెనీదే అయ్యుంటది. మీ దాంట్ల చేపలే బతుకుతున్నయి కద!” అంది మొగుడితో.

ఉపేందర్ తలొంచుకుని బిడ్డ దద్దులకు మందు పూయసాగాడు.

అధికారులు వాడలో కంపెనీలన్నీ తనిఖీ చేస్తూ ఇక్కడికీ వచ్చారు. చేపలను చూశారు, మెచ్చుకున్నారు, టిఫిన్ చేశారు. ఫిర్యాదు చేసిన ఆడవాళ్లనూ పిలిచి కొలను చూపించారు. అప్పుడు పూనకం వచ్చింది యజమాని రాఘవేంద్రగారికి. “ఇంత మంచి నీళ్లు వృథా ఎందుకండీ? మీ గల్లీకే పైపు వేయిస్తాను, ఉచితంగా!” అనేశారు. పాపం, తన కంపెనీ నివేదికలు చదివి చదివి ఆయనే నిజమని నమ్మేశారు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది దీప.

పైపు పడింది. నీళ్లొచ్చిన పొద్దున దీప బిడ్డను పీట మీద కూర్చోబెట్టి బకెట్ నింపింది.

“సూడయ్యా, ఎంత తెల్లగున్నయో! మీ సారు దేవుడు పో” అంటూ మగ్గెత్తింది.

ఉపేందర్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. “పొయ్యకు.”

“ఏమైంది? గివి చేపల నీళ్లే కద!”

“కాదే. చేపలకు పోసేది క్యాన్ నీళ్లు.”

దీప మగ్గు కింద పెట్టింది.   బిడ్డ చేతులను ఒకసారి, మొగుడి ముఖాన్ని ఒకసారి చూసింది.

“చేపలు సస్తయని తెల్సు గని, బిడ్డకేమైతదో తెల్వలేదా నీకు?”

ఉపేందర్ బకెట్ ఎత్తి నీళ్లన్నీ మోరీలో ఒంపేశాడు. 

సంగతి దీప నోట విని ఆ పూటే గల్లీ ఆడవాళ్లంతా బిందెలతో కంపెనీకి వెళ్లారు. వాచ్‌మన్ వద్దంటున్నా వినకుండా కొలనులో ముంచుకోసాగారు. “మాకు గీ నీళ్లే గావాలె!” అని దీప కేకేసింది. కొలను అడుగంటుతుంటే చేపలు ఎగిరెగిరి పడుతున్నాయి.

కేకలు విని రాఘవేంద్రగారు పరుగున బయటికొచ్చారు. ఆ బిందెలు చూసి ఆయన ముఖం వెలిగిపోయింది. “చూశావా, మన నీళ్లకెంత గిరాకీనో! ఫోటో తియ్యవయ్యా ఉపేందర్, వచ్చే ఏడు అట్ట మీదికి ఇదే!”

ఉపేందర్ ఫోన్ తీయలేదు. భార్య చేతిలో బిందె అందుకోబోయాడు. దీప ఇవ్వలేదు.

“తియ్యి ఫోటో” అంది. “కింద ఏం రాస్తవో ఈసారి నేను గూడ సదువుత.”