ఎండాకాలం పాళ్లు

నందిత చేసిన జెల్ తిరుపతి ల్యాబులో మహా బుద్ధిగా ఉండేది. చల్లగా ఉన్నంతసేపూ నీళ్లలా సూదిలోంచి దిగేది. ఒంటి వేడి తగలగానే అందులోని అణువులు వాటంతటవే గుంపుకట్టి ముద్దయ్యేవి. పుండు మీద ఆ ముద్ద కూర్చుని మందును మెల్లగా వదలాలి. మూడేళ్లుగా ఆమెకు అదే లోకం.

సోమవారం దాన్ని ఆసుపత్రి వార్డులో డాక్టర్లకు చూపించాలి. కుదరకపోతే ఈ పని ఆపేద్దామని గైడు హరినాథ్ గారు ముందే చెప్పేశారు.

శనివారం సొంతూరు నగరికి పోతూ, అమ్మకు చూపిద్దామని మందు కలపని జెల్‌ను ఐస్ డబ్బాలో తీసుకుపోయింది. ఎండకు ఉడికిపోతున్న మగ్గం గదిలో సిరంజి బయటికి తీసిందో లేదో, అది లోపలే గడ్డకట్టింది. నొక్కినా కదిలితే ఒట్టు! నందితకు ఏడుపొచ్చేసింది.

మగ్గం మీద నిలువు పోగులకు, పడుగుకు, గంజి పట్టిస్తున్న అమ్మ నాగరత్నమ్మ చేయి ఆపింది. "ఏమైంది పాపా?"

"పాడైపోయిందమ్మా. ల్యాబులో బాగానే ఉన్నింది."

"ఆడ ఏసీ ఉండాది గదా. ఇంత చిక్కగా ఎందుకు చేసినావు?"

"ఆ చలికి చేతిమీద తొందరగా గడ్డకట్టలేదని పొడి పాళ్లు పెంచుకుంటా పోయినా."

"భలేదానివే! చలికాలం గంజి ఎండాకాలంలో పెడితే పోగులు పుటుక్కుమంటాయి. గాలిని సూసి గదా పాళ్లు! నీ మందు యాడ వాడతారు, ఏసీలోనా?"

ఫ్యాను కూడా సరిగ్గా తిరగని వార్డుల్లో. నందితకు సిగ్గేసింది. చిక్కబడే కొద్దీ తక్కువ వేడికే గడ్డకడుతుందని తన రిపోర్టులో తనే రాసింది మహాతల్లి!

సిరంజిని ఐసులో పెడితే జెల్ మళ్లీ నీళ్లయింది. హమ్మయ్య అనుకుంది. ఆదివారం ల్యాబులో ఏసీ ఆపి, కిటికీలు తెరిచి, చెమటలు కక్కుతూ పాళ్లు తగ్గించుకుంటూ పోయింది. నాలుగో సీసా కుదిరింది.

సోమవారం వార్డులో జెల్ సూదిలోంచి జారి, పెద్ద డాక్టరు అరచేతిలో ముద్దకట్టింది. ఆయన చెయ్యి తిరగేసినా పడలేదు.

హరినాథ్ గారు ఆమె నోటుబుక్కు తిప్పుతూ ఆగారు. "ఇదేంటమ్మా, ఎండాకాలం పాళ్లు?"

"మా అమ్మ చెప్పింది సార్. మగ్గానికి గంజి పెడతాది."

"మరి ఆమె పేరేదీ?" అంటూ ఆయన జేబులోంచి పెన్ను తీసిచ్చారు.

నందిత పెన్ను అందుకుంది. సీసా నంబరు పక్కన, "నాగరత్నమ్మ, నగరి" అని రాసింది.